జిమ్‌కు వెళ్లని కండక్టర్లు

గుండెపోటు వార్త వచ్చిన ప్రతిసారీ టీవీలో ఒక డాక్టరు గారు కూర్చుని ‘రోజూ నడవండి’ అంటారు. ఎక్కడ నడవాలో మాత్రం చెప్పరు.

శారీరక శ్రమకూ గుండెకూ ఉన్న లంకెను మొదట గట్టిగా పట్టిచ్చింది వ్యాయామవీరులు కాదు, లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది. 1953లో బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఆ లెక్క బయటపెట్టింది. అదే బస్సు, అదే రూటు. డ్యూటీలో డ్రైవరు దాదాపు తొంభై శాతం సమయం కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చింది, వచ్చినా ఆలస్యంగా వచ్చింది. తపాలా శాఖలోనూ అదే కథ: కుర్చీలో కూర్చునే గుమాస్తాల కంటే ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ గుండె గట్టిది.

లావుపాటివాళ్లే డ్రైవర్లుగా చేరారేమో అన్నారు కొందరు. మోరిస్ యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్లు లావే. కానీ ఒకే నడుం కొలత ఉన్నవాళ్లను పోల్చినా కండక్టర్లదే పైచేయి. ఇక 2021లో ఫిట్‌గా ఉండే కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో పోయినప్పటి నుంచీ ‘వ్యాయామం చేసినా పోతున్నారుగా’ అనేవాళ్లున్నారు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లూ ప్రమాదాల్లో పోతారు. ఎవరూ దాన్ని తీసి పారేయమనరు.

నన్ను పట్టి కుదిపేది వేరే సంగతి. ఆ కండక్టర్లలో ఎవరూ గుండె కోసం మెట్లెక్కలేదు. టికెట్లు కొట్టడానికి ఎక్కారు. వాళ్ల గుండెను కాచింది సంకల్పబలం కాదు, బస్సు నిర్మాణం. మనం మాత్రం కదలికను ఉద్యోగాల్లోంచీ వీధుల్లోంచీ ఊడ్చేసి, దాన్నే నెలవారీ ఫీజుకు జిమ్‌లో తిరిగి కొంటున్నాం. 2022 నాటికి దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులే లెక్కగట్టారు; ఆడవాళ్లలో ఆ వాటా ఇంకా ఎక్కువ. ఇంతమందికీ ఒకేసారి బద్ధకం పుట్టుకొచ్చిందా?

మా కాలనీలో ఒకాయన తెల్లవారుజామున కారు తీసి, రెండు కిలోమీటర్ల అవతలి పార్కుకు వెళ్లి, అక్కడ గంటసేపు నడిచి, మళ్లీ కారులో ఇంటికొస్తారు. మొదట నవ్వుకున్నాను. ఒకరోజు ఆ రెండు కిలోమీటర్లూ నేనే నడిచి చూశాను. ట్రాన్స్‌ఫార్మరు, షాపు మెట్లు, బైకుల వరుస, మూత లేని మ్యాన్‌హోల్. ఫుట్‌పాత్ ఉన్నంత మేరా రోడ్డు మీదే నడిచాను. వచ్చేటప్పుడు ఆటో ఎక్కాను.