సిరోంచ నుంచి గడ్చిరోలికి 11 నిమిషాలు

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. జిల్లా కేంద్రంలో ఒక సంతకం పని పడింది. దూరమెంతో చూద్దామని ఫోన్ తీస్తే, సిరోంచ నుంచి గడ్చిరోలికి 148 కిలోమీటర్లనీ, గంటకు 800 కిలోమీటర్ల వేగంతో విమానంలో 11 నిమిషాలనీ చూపించింది. 1982లో చంద్రపూర్ జిల్లాను చీల్చి గడ్చిరోలి జిల్లా చేసినప్పటి నుంచి మా తాలూకా మీద ఇంత నమ్మకం ఎవరూ పెట్టలేదు. కళ్లు చెమర్చాయి.

లెక్క తప్పని నేననను. రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, స్కేలు పెట్టి నిలువుగా గీత గీయొచ్చు. విమానాశ్రయం ఈ చివరా లేదు, ఆ చివరా లేదు. అంటే ఎవరికీ అన్యాయం జరగలేదు. మామూలుగా పెద్ద విమానం 35,000 అడుగులు ఎక్కడానికే ఓ ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి, మాది ఎక్కుతూ ఉండగానే దిగిపోవాలి. దానికీ మేం సిద్ధమే.

రోడ్డు మీదైతే 200 కిలోమీటర్లు దాటుతుంది. ఇక్కడి ఎస్టీ బస్సుకు, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ బస్సుకు, మరాఠీలో ముద్దుపేరు లాల్ పరీ, అంటే ఎర్ర దేవకన్య. రెక్కలు లేని లోటు గుంతలు తీరుస్తాయి. ఈసారి వెనక సీట్లో కూర్చుని శాస్త్రీయంగా పరిశీలించాను. ఆలాపల్లి అడవి దాటేలోగా నేను సీటుకూ టాపుకూ మధ్య గాల్లో ఉన్న క్షణాలన్నీ కూడితే 11 నిమిషాలకు కాస్త అటూ ఇటుగా తేలింది. ఫోన్ చెప్పింది అబద్ధం కాదు. మిగతా గంటల సంగతి చెప్పలేదంతే.

నిజం విమానమే కావాలంటే దారి లేకపోలేదు. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా హైదరాబాద్ పోయి, నాగపూర్ విమానమెక్కి, అక్కణ్నుంచి మళ్లీ రోడ్డు పట్టుకోవాలి. ఉత్తరానికి పోవడానికి ముందు దక్షిణానికి పోవడమన్న మాట. తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడం యోగాసనమైతే మా తాలూకా అంతా యోగులమే.

బ్రిటిషు కాలంలో అప్పర్ గోదావరి జిల్లాకు సిరోంచే కేంద్రం. అప్పుడు సంతకానికి దూరం సున్నా. ఆ తర్వాత మా తాలూకా నుంచి బాగా దూరం వెళ్లగలిగింది పోచంపల్లి దగ్గర దొరికిన బారాపాసారస్ ఒక్కటే. అది జురాసిక్ కాలపు డైనోసార్. దాని ఎముకలిప్పుడు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉన్నాయి. బెంగాలీలో బారాపా అంటే పెద్ద కాలు. ఈ దారికి అలాంటి కాళ్లే కావాలి మరి.

ఇంకో ముచ్చట. రెండు ఊళ్ల మధ్య టైమ్ తేడా సున్నా గంటలని కూడా ఫోన్ చెప్పింది. ఇది మాత్రం నేనొప్పుకోను. సిరోంచలో సోమవారం బయల్దేరిన నా కాగితం ఆ ఆఫీసు బల్ల మీదికి వచ్చేసరికి శుక్రవారమైంది. సారు లీవు.

ఇంటికొచ్చి విమానం సంగతి మా చిన్నవ్వకు చెప్పాను. శ్రద్ధగా విని, అడిగింది: "అంత జల్దీ పోతే ఎట్ల బిడ్డా, ఆలాపల్లిల చాయ్‌కి ఆపడా?"