ఆరు వచ్చిందట, పాపం!

సింగపూర్‌లో ఒక తెలుగింట ఘోరం జరిగింది. పిల్లాడికి పీఎస్‌ఎల్‌ఈలో, అంటే ప్రైమరీ బడి చివరి పరీక్షలో, ఆరు వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ ఎంత తక్కువొస్తే అంత గొప్ప. ఆరో తరగతి చివర నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడు, 90 వస్తే ఒకటి. మొత్తం కూడితే నాలుగు అందరికన్నా పైన, 32 అట్టడుగున. ఇదివరకు పక్కపిల్లలతో పోల్చి స్కోరు వేసేవాళ్లు, టెన్షన్ పెరిగిపోతోందని 2021లో ప్రభుత్వం మార్చింది. 2023కల్లా బళ్లలో ఏడాది మధ్య పరీక్షలూ ఎత్తేసింది. అమ్మానాన్నలు ఊరుకుంటారా? బడి మానేసిన పరీక్షని ట్యూషన్ సెంటర్లో డబ్బిచ్చి మరీ పెట్టించుకుంటున్నారు. 2023లో ఇక్కడి కుటుంబాలు ట్యూషన్లకు పోసింది 180 కోట్ల సింగపూర్ డాలర్లు. చైనీస్, మలయ్, తమిళ, తెలుగు, ఎవరి పండగ వాళ్లదే గానీ ఈ ఒక్క భక్తి మాత్రం ఉమ్మడి.

ఇక పరామర్శ. వాట్సాప్ గ్రూపులో కబురు పడిందో లేదో జనం అరటిపళ్లు పట్టుకుని దిగారు. సోఫాలో అందరూ తల దించుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒకాయన గొంతు సవరించుకుని, "ఎందులో పోయిందండీ?" అన్నాడు.

"హిందీలో అన్నయ్యగారూ. 82, మూడు పడింది. మిగతావన్నీ ఒకట్లే."

"అయ్యో. మొన్నటిదాకా బాగానే ఉన్నాడుగా?"

"మాక్ టెస్టులో 91 అండీ!"

"మన చేతుల్లో ఏముంది వదినా" అని ఒకావిడ వీపు నిమిరింది. ఎదురింటి చైనీస్ ఆంటీ కూడా వచ్చి, సందర్భం కాదనుకుందేమో, మెల్లగా ఒక ట్యూషన్ సెంటర్ కార్డు టీపాయ్ మీద పెట్టి వెళ్లింది. తెనాలి నుంచి వచ్చిన నాయనమ్మ మాత్రం "ఇంతకీ పాసయ్యాడా లేదా?" అని అడుగుతూనే ఉంది. "నువ్వూరుకో అమ్మా" అని కొడుకు కసిరాడు.

ఆ ఇంట్లో తెలివైన ప్రశ్న వేసింది ఆవిడొక్కతే. ఇక్కడి బళ్లలో మాతృభాష సబ్జెక్టుగా తెలుగు లేదు, హిందీయో తమిళమో ఇంకోటో తీసుకోవాలి. ఇంట్లో ఒక్క మనిషీ మాట్లాడని భాషలో పన్నెండేళ్లవాడు వ్యాసం రాసి 82 తెచ్చుకున్నాడయ్యా! ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నారు, మీలో ఒక్కరైనా కింద హాకర్ సెంటర్లో చైనీస్‌లో కాఫీ అడగగలరా? గోడవతల గదిలో వాడు ఇదంతా వింటున్నాడన్న ఇంగితమన్నా లేదే! నిక్షేపంలా ఉన్న పిల్లాడికి చావు పరామర్శ చేసి, పైగా టీలో పంచదార చాల్లేదని వంక పెట్టారు, సిగ్గులేని జనం.

నేను బయల్దేరుతుంటే ఆ తండ్రి లిఫ్టు దాకా వచ్చి, మూడో తరగతి కూతురికి హిందీ ట్యూషన్ ఇప్పుడే మొదలెట్టమంటారా అని అడిగాడు. నేనన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు. లిఫ్టులో ఉన్న మలయ్ పెద్దాయనకి తెలుగు రాదు గానీ, ఆయనకీ అర్థమైంది.