నా మొహంలో ప్రేమ వెతకకండి

గత ఆదివారం మా పిన్ని అన్న మాట ఒకటి వారం నుంచి నన్ను వదలడం లేదు. "దానికి మనుషులంటే పట్టదు. తండ్రి ఆపరేషన్ అప్పుడే చూశాం కదా, కంట్లో చుక్క నీరు లేదు." నేను పక్క గదిలోనే ఉన్నానని ఆమెకు తెలియదు. తెలిసినా అనేదేమో. మా ఇంట్లో ఈ మాట అనడానికి ఇప్పుడు చాటుమాటేమీ లేదు. నా ఎత్తు ఎంతో చెప్పినంత మామూలుగా చెప్పేస్తారు.

ఆ రోజు సంగతి నా వైపు నుంచి ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాన్నను లోపలికి తీసుకెళ్లాక ఐదు గంటలు వరండాలో కూర్చున్నాం. నెత్తిమీద ట్యూబ్‌లైట్ సన్నగా గుయ్యిమంటోంది. ఎవరిదో ఫోను ఆగకుండా మోగుతోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మందుల వాసన గుప్పున కొడుతోంది. అమ్మ ఏడుస్తోంది, అమ్మను పట్టుకుని అక్క ఏడుస్తోంది. నేను మాత్రం నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, నాన్న వాడే మందుల పేర్లు, వేసుకునే టైములు, అంతకుముందు ఆయనకు పడనివి, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు వరసగా రాసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. రాయిలా ఉందని తర్వాత చెప్పారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో నాన్నకు పడని మందు ఒకటి ఉంటే, దాన్ని పట్టుకున్నది ఆ నోట్‌బుక్ వల్లే. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు. నా మొహం అందరికీ గుర్తుంది.

ఏడుపు నాకు 19 రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి నాన్న లేచి తిరుగుతున్నాడు, అంతా బాగుంది. ఒక సాయంత్రం గుమ్మం పక్కన ఆయన చెప్పులు కనిపించాయి, ఎప్పటిలాగే ఎడమది కాస్త వంకరగా. అక్కడే కూలబడి గంటసేపు ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో మొదట నాకే అర్థం కాలేదు. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ చూడని ఏడుపు లెక్కలోకి రాదు కదా.

నాకు ఆటిజం (మనుషులతో కలిసే తీరు, చప్పుళ్లూ వాసనలూ తగిలే తీరు వేరుగా ఉండే మెదడు), ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, మరుపు ఎక్కువగా ఉండడం) రెండూ ఉన్నాయని 36 ఏళ్ల వయసులో తెలిసింది. అంత ఆలస్యం ఎందుకని అడుగుతారు చాలామంది. ఎవరికి ఏముందో తేల్చడానికి మానసిక వైద్యులు చాలా దేశాల్లో వాడే డీఎస్ఎమ్ అనే పుస్తకం ఉంది. అందులో 2013లో ఐదో కూర్పు వచ్చేదాకా ఒకే మనిషికి ఈ రెండూ ఉన్నాయని రాయడానికి వీల్లేదు. ఆటిజం అని రాస్తే ఏడీహెచ్‌డీ రాయకూడదు. నేను పెరిగిన కాలంలో నాలాంటి పిల్లకు ఆ పుస్తకంలో చోటే లేదు. ఇంట్లో ఉన్న పేర్లు వేరే: మొండిది, పొగరుబోతు, మతిమరుపుది, ఎవరితోనూ కలవనిది.

మనసులో ఏం జరుగుతోందో గుర్తుపట్టి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సితీమియా అంటారు. పీటర్ సిఫ్నియోస్ అనే వైద్యుడు 1970లలో పెట్టిన మాట అది. ఆటిజం ఉన్న అందరికీ ఇది ఉండదు, నాకు ఉంది. బాధ నాకు ముందు ఒంట్లోకి వస్తుంది. దవడలు బిగుసుకుపోతాయి, అరచేతులు చల్లబడతాయి, చిన్న చప్పుడు కూడా చెంపదెబ్బలా తగులుతుంది. ఇది భయం, ఇది దుఃఖం అని తెలిసేసరికి ఒక్కోసారి వారాలు పడుతుంది. కానీ అది రాలేదని కాదు, ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వచ్చినదాన్ని అసలు లేదని తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

నాకు ఆటిజం ఉందని డాక్టరు చెప్పింది విని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "నా పెంపకంలో ఏమైనా లోపం జరిగిందా?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మకు తెలియదు. నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అనే మాట వైద్యంలో స్థిరపడింది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని ఆయన అందులోనే రాశాడు. 1949లో ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పాడు. తర్వాత బ్రూనో బెటెల్‌హైమ్ అనే మనస్తత్వవేత్త లాంటివాళ్లు దాన్ని జనంలోకి తీసుకెళ్లారు. తల్లి మనసు చల్లబడిపోయి ఉండడం వల్లే బిడ్డ ఇలా అయిందన్నారు. వాళ్లను 'ఫ్రిజ్ తల్లులు' అన్నారు. ఎంతమంది ఆడవాళ్లు బిడ్డను ఒళ్లో పెట్టుకుని, నేను సరిగా ప్రేమించలేదేమో అని రాత్రంతా కుమిలిపోయి ఉంటారో తలుచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వవేత్త ఇదంతా తప్పని, ఇది పుట్టుకతో మెదడుకు సంబంధించిన విషయమని వాదిస్తూ పుస్తకం రాశాడు. ఆయన కూడా అలాంటి బిడ్డకు తండ్రే. 1969లో కానరే తల్లిదండ్రుల సభలో నిలబడి, మీమీద ఏ నేరమూ లేదని చెప్పాడు.

తల్లుల మీద నింద పోయింది. కొన్నేళ్లకు అదే నింద పిల్లల మీదకు వచ్చింది. 1985లో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. శాలీ, ఆన్ అని రెండు బొమ్మలు. శాలీ తన గోళీని బుట్టలో పెట్టి వెళ్తుంది. ఆన్ దాన్ని పెట్టెలోకి మారుస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెలో వెతుకుతుందన్నారు, అంటే తప్పు చెప్పారు; గోళీని మార్చిన సంగతి శాలీకి తెలియదు కదా. ఎదుటివాళ్లకు ఏం తెలుసు, ఏం తెలియదు అని ఊహించడం గురించిన పరీక్ష అది. ప్రేమ గురించి కాదు, జాలి గురించీ కాదు. కానీ నోటా నోటా తిరిగి జనం చెవిన పడేసరికి, వీళ్లకు ఎదుటివాళ్ల బాధ తెలియదట అని అయిపోయింది. మా పిన్ని ఆ ప్రయోగం పేరు కూడా విని ఉండదు. అయినా అదే మాట అంటోంది.

2012లో డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ లెక్కను తిరగేశాడు. ఆయనా ఆటిజం ఉన్న మనిషే. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉందన్నాడాయన. మాకు మీ మనసు చదవడం ఎంత కష్టమో, మీకు మా మనసు చదవడం అంతే కష్టం. తేడా ఒక్కటే. మేము మిమ్మల్ని చదవలేకపోతే దాన్ని లోపం అంటారు. మీరు మమ్మల్ని తప్పుగా చదివితే అది మా స్వభావం అయిపోతుంది. ఆ వరండాలో నా మొహం చూసి తప్పుగా చదివింది ఎవరు? డాక్టరు దగ్గరికి వెళ్లి రిపోర్టు తెచ్చుకోవాల్సి వచ్చింది ఎవరు?

మా ఇంట్లో ఇంకో ఫిర్యాదు ఉంది. ఇది నిజంగా వాళ్లను నొప్పించిన విషయం, అందుకే దీని గురించి ఎక్కువ రాయాలి. "బయట అందరితో నవ్వుతూ మాట్లాడతావు, ఇంటికొస్తే మూతి బిగించుకుని గదిలోకి పోతావు. పరాయివాళ్లకున్న విలువ మాకు లేదా?" అమ్మ ఈ మాట ఏడుస్తూ అంది ఒకసారి. ఆ ఏడుపు అబద్ధం కాదు.

అమ్మా, బయట నేను నవ్వడం ఎలా జరుగుతుందో చెప్తాను. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లలోకి ఎంతసేపు చూడాలో లోపల లెక్కపెట్టుకుంటాను. కళ్లలోకి చూస్తే మాటలు చెవికెక్కవు, చూడకపోతే పొగరంటారు. ఎప్పుడు తల ఊపాలి, నవ్వు ఎక్కడ ఆపాలి, నా వంతు ఎప్పుడొస్తుంది, వాళ్లు వేళాకోళం చేస్తున్నారా నిజంగా అంటున్నారా, ఇవన్నీ ఒకేసారి చూసుకోవాలి. వెనకాల ఫ్యాను చప్పుడు, పక్కవాళ్ల మాటలు, సెంటు వాసన అన్నీ ఒకే గట్టితనంతో వస్తుంటాయి, ఏదీ దానంతటది పక్కకు తప్పుకోదు. ఇలా లోపలిది దాచి అందరిలా కనిపించడాన్ని మాస్కింగ్ అంటారు. ఎనిమిదేళ్లకే నాకు ఇది అలవాటైపోయింది, ఎవరూ నేర్పలేదు. తిట్లు పడకుండా ఉండడానికి నాకు నేనే నేర్చుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగలదు. నోట్లోంచి మాట రాదు, రానివ్వకపోవడం కాదు, రాదు. ఆ తలుపు వేసుకున్న గదిలో నేను మీమీద అలిగి కూర్చోవడం లేదు. ముసుగు తీసి కూర్చునే చోటు నాకు ప్రపంచంలో అదొక్కటే. మీ దగ్గర నటించక్కర్లేదని నా ఒంటికి తెలుసు, అందుకే అది అక్కడ కూలబడుతుంది.

అయినా తప్పులు నావీ ఉన్నాయి. అక్క కూతురు బడిలో నాట్యం చేసిన రోజు వెళ్తానని మాటిచ్చి మర్చిపోయాను. అలసట వల్ల గది తలుపు దగ్గర అమ్మ మీద అరిచాను, ఒక్కసారి కాదు. వాటికి నా మెదడు కారణం కావచ్చు, కానీ నొప్పి వాళ్లకు తగిలింది. క్షమాపణ అడిగాను, మళ్లీ అడుగుతాను. మొహం సరిగా పెట్టలేదన్నందుకు మాత్రం ఇక అడగను.

మర్చిపోవడం గురించి కూడా చెప్పాలి. ఏడీహెచ్‌డీలో కంటి ముందు లేనిది మనసులోంచి కూడా జారిపోతుంది. పని మధ్యలో వదిలేసిన కాగితమైనా, ప్రాణంలా చూసుకునే మనిషైనా అంతే. ఇష్టం తగ్గి కాదు. రోజులు గడిచినట్టే తెలియదు. నిన్ననే మాట్లాడాననుకుంటాను, చూస్తే మూడు వారాలైపోయి ఉంటుంది. అందుకని ఫోనులో అలారం పెట్టుకున్నాను: బుధవారం, శనివారం రాత్రి ఎనిమిదింటికి, 'అమ్మ'. ఇది చూసి ఒక స్నేహితురాలు అంది, "అలారం పెట్టుకుని అమ్మకు ఫోన్ చేయడం ఏం ప్రేమ? లోపల్నుంచి రావాలి కదా."

చాలాసేపు నాకు జవాబు దొరకలేదు. ఇప్పుడు చెప్తాను. నీకు గుర్తుకు రావడానికి నువ్వేమీ చేయక్కర్లేదు, దానంతటదే వస్తుంది. నాకు రాదని నాకు తెలుసు. రాకపోతే అమ్మ బాధపడుతుందనీ తెలుసు. అందుకే ఆ మరుపుకి అడ్డంగా ఒక గంట కట్టాను, నాలుగేళ్లుగా దాన్ని తీయలేదు. ఎనిమిదింటికి అది మోగగానే, మాట్లాడే ఓపిక లేని రోజు కూడా, నీళ్లు తాగి, లైటు ఆపి, కళ్లు మూసుకుని ఫోన్ చేస్తాను. ఇది ప్రేమ కాకపోతే నా దగ్గర ఉన్నదానికి వేరే పేరు తెలియదు.

చదివినవాటిలో నాకు బాగా తగిలిన ఒక పరిశోధన 2017లో వచ్చింది. ఆటిజం ఉన్నవాళ్లు మాట్లాడుతుండగా తీసిన చిన్న వీడియోలు, ఫొటోలు, గొంతు రికార్డులు మామూలు జనానికి చూపించి, వినిపించి, ఈ మనిషి మీకెలా అనిపించారు అని అడిగారు. కొన్ని క్షణాల్లోనే తక్కువ మార్కులేశారు, ఇలాంటివాళ్లతో మాట కలపాలనిపించదన్నారు. కొంతమందికి మాత్రం మొహం లేకుండా, గొంతు లేకుండా, వాళ్లన్న మాటలనే కాగితం మీద రాసి ఇచ్చారు. అప్పుడు ఆ తేడా కనిపించలేదు. మాటల్లో తప్పు లేదన్నమాట.

అది చదివాక నేను నాన్నకు ఉత్తరాల్లాంటి మెసేజ్‌లు రాయడం మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చుంటే మా ఇద్దరి మధ్య నాలుగు మాటలు దొర్లవు. రాస్తే మాత్రం ఆయన చిన్నప్పటి భయాలు నాకు చెప్పాడు, ఆపరేషన్‌కు ముందు రాత్రి నిద్ర పట్టలేదని చెప్పాడు. చెప్పుల సంగతి నేను ఆయనకు అలాగే చెప్పాను. మర్నాడు పొద్దున ఆయన జవాబు వచ్చింది: "ఆ చెప్పులు ఇంకా అక్కడే పెడుతున్నా తల్లీ, వంకరగానే."

అక్కతో కూడా ఒక ఒప్పందం కుదిరింది. వాళ్లింటికి నలుగురూ వచ్చే రోజున నేను గంటన్నర ఉంటాను, ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు, ఎందుకని అక్క అడగదు. ఈ మాట అనుకున్నాక నేను వెళ్లే సార్లు పెరిగాయి, తగ్గలేదు. ఒకసారి మేడ మీద గదిలో చీకట్లో కూర్చుంటే అక్క కూతురు వచ్చి పక్కన కూర్చుని తన బొమ్మల పుస్తకంలో రంగులేసుకుంది. అరగంట ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కిందికి వెళ్లి వాళ్లమ్మతో "పిన్నితో ఆడుకున్నా" అని చెప్పిందట.

పిన్నీ, ఇది నీకు కూడా పంపుతున్నాను. ఆదివారం నేను పక్క గదిలోనే ఉన్నాను, నువ్వన్నది విన్నాను. నీమీద కోపం లేదు, నొప్పి ఉంది. ఎదురుపడి చెప్పబోతే నా గొంతు పెగలదు, నువ్వు మళ్లీ నా మొహమే చూస్తావు. చదివాక ఫోన్ చేయకు. తీరిక చూసుకుని రెండు లైన్లు రాయి, ఎన్ని రోజులు పట్టినా పర్లేదు.