ఇంజిన్ లోపలి టకటకకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ టకటక గారికి,

నమస్కారములు. బానెట్ కింద మీ నివాసం ఎక్కడో ఇంతవరకూ రూఢి కానందున ఈ లేఖను చిరునామా లేకుండానే పంపుతున్నాను. బండిలో నేను ఒంటరిగా ఉన్నప్పుడు గొంతెత్తి పలికే మీరు, మెకానిక్ చెవి ఒగ్గిన క్షణంలో మౌనవ్రతం పూనుతారు. మీరు ఊరుకుంటే "ఇందులో ఏమీ లేదండీ" అని, మళ్లీ మొదలుపెడితే "ఇంజిన్ దింపాల్సిందే" అని ఒకే నోటి నుంచి వినవలసి వస్తోంది.

మీరు చప్పుడు చేస్తున్నారని నా ఫిర్యాదు కాదు. ఒకే పేరు పెట్టుకుని ఇంతమంది కాపురముండడమే అభ్యంతరకరం.

మీలో చరిత్ర ప్రసిద్ధులు పెట్రోలు ఇంజిన్‌లోని డిటొనేషన్ వారు. స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట సిలిండరంతా వ్యాపించే లోపే, చివరన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తాను భగ్గుమన్నప్పుడు వీరు పుడతారు. ఎత్తు ఎక్కుతున్నప్పుడో, పెద్ద గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడో గలగలమంటారు. వీరి గౌరవార్థమే తేలికగా తనంతట తాను భగ్గుమనని ఐసో-ఆక్టేన్‌కు 100, ఇట్టే భగ్గుమనే నార్మల్ హెప్టేన్‌కు 0 ఇచ్చి ఇంధనాలకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం కలిపితే వీరి నోరు మూతపడుతుందని 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ కనుగొన్నారు. కార్లకు ఆ పెట్రోలు అమ్మకం ప్రపంచమంతటా ఆగిపోయేసరికి 2021 వచ్చింది. ఇంజిన్ ప్రశాంతంగా ఉండాలని మానవజాతి దాదాపు నూరేళ్లు సీసం పీల్చిందంటే, మీ పలుకుబడికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు మీపై నిఘాకు బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఉంది. అది మీ స్వరం విన్న వెంటనే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. అయితే అరిగిన భాగమేదో కొట్టుకుంటున్న చప్పుడును కూడా ఆ సెన్సర్ ఒక్కొక్కసారి డిటొనేషనే అనుకుని, నిర్దోషి అయిన ఇంధనాన్ని శిక్షిస్తుంది. ఈ విషయంలో యంత్రానికీ, ఇంజిన్ దింపమన్న పెద్దమనిషికీ పెద్ద తేడా లేదు.

చల్లటి ఇంజిన్‌లో కొట్టుకుని, వేడెక్కాక పిస్టన్ వ్యాకోచించి సందు పూడగానే సద్దుమణిగే పిస్టన్ వారు మీలో కొంత సౌమ్యులు. ఇక నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి, ఇంజిన్ వేగంలో సగం లయతో పలికేవారు పై అంతస్తులోని వాల్వుల వారని, పూర్తి లయతో పలికేవారు కింది అంతస్తులోని క్రాంక్ వారని అనుమానించవచ్చు. ఇంత సులువైన ఆనవాలు మీరే ఇస్తుండగా, అంతస్తు తెలుసుకోకుండానే స్పానర్ పట్టుకుని తలుపు తట్టేవారిని చూసి మీరు లోపల నవ్వుకుంటూ ఉంటారు.

నాకు భయమున్నది పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ వారంటేనే. అరిగిన బేరింగ్‌లో ఏర్పడిన సందులో రాడ్ దభీమని కొట్టుకుంటుంది. ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూస్తే, ఆ సిలిండర్‌పై భారం తగ్గగానే మీ గొంతు మారిపోతుంది, ఇల్లు దొరికినట్టే. (స్పార్క్‌ను మాత్రమే ఆపితే కాలని పెట్రోలు పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాని ప్రాణం తీస్తుంది గనుక, ఇంజెక్టర్‌నే ఆపడం మర్యాద.) ఇంత పరీక్ష చేయడానికి ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలన్న సంగతి ఎందరికో చివరన గుర్తుకొస్తుంది. ఆయిల్ లేని ఇంజిన్‌లో మీరు మాట్లాడకపోతేనే ఆశ్చర్యపడాలి.

మీ పేరు చెప్పుకుని తిరిగే నకిలీలు కూడా తక్కువేమీ కారు. సడలిన హీట్ షీల్డ్, వదులైన బెల్టు టెన్షనర్, ఆల్టర్నేటర్ బేరింగ్ మీ గొంతును అనుకరిస్తూ భారీ బిల్లులకు కారణమవుతున్నాయి. పొడవాటి స్టెతస్కోప్‌తో బ్లాకు అంతా వినడం, ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్టు తీసి కొద్ది సెకన్లు ఇంజిన్ నడిపి చూడడం వంటి పనులకు ఓపిక లేనివారు రేడియో సౌండ్ పెంచుతున్నారు; ఆ చికిత్సలో రోగం తగ్గదు గానీ రోగి మాట వినబడదు.

కాబట్టి మీకు నా విన్నపమేమిటంటే, మీరు ఎప్పుడు వస్తారో స్థిరంగా చెప్పండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా, భారం మోసేటప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా? మెకానిక్ ఎదుట ఆ వేళకే హాజరు కండి. ఒకవేళ మీరు రాడ్ బేరింగ్ వారే అయితే మాత్రం హాజరు కానక్కరలేదు. నేనే ఇంజిన్ ఆపి, మిమ్మల్ని ట్రక్కు మీద ఎక్కించి పంపుతాను.

ఇట్లు,
మీ శ్రోత