వాడు తప్ప అందరూ పడుకున్నారు

మా అక్క కొడుకు బుజ్జిగాడికి రెండున్నరేళ్లు నిండినా మాట రాలేదు. పిల్లాడికి మాట రాలేదంటే మనవాళ్లు ముందుగా అడిగేది వస పోశారా అని. పోశాం. మా అమ్మ స్వయంగా వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసింది. అసలు మా ఇంట్లో వసకేం లోటు లేదు. అమ్మ, నాన్న, అక్క, నేను ఒకేసారి మాట్లాడతాం, వినేది బావ ఒక్కడే. ఇంతమందిలో సందు దొరక్క పిల్లాడు ఊరుకున్నాడనే అనుకున్నాం. పైగా మా నాన్నకి నాలుగేళ్లకి గానీ మాట రాలేదట. ఆ బాకీ వడ్డీతో సహా ఇప్పటికీ వసూలు చేసుకుంటున్నాడు.

అంగన్‌వాడీ టీచరు మాత్రం ఇవేవీ ఒప్పుకోలేదు. "వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగట్లేదండీ, పళ్లెం కింద పడితే మాత్రం తిరుగుతున్నాడు. ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు వచ్చినప్పుడు చూపిద్దాం" అంది. ఆర్‌బీఎస్‌కే అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన పథకం. డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపమో, ఎదుగుదలలో ఆలస్యమో ఉందనిపిస్తే ఇలాంటి పిల్లల కోసమే ఉన్న జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి చీటీ రాస్తుంది.

ఆ చీటీని అక్క దేవుడి పటం ముందు పెట్టింది. అమ్మ దాన్ని తీసుకెళ్లి బియ్యం డబ్బా కింద దాచింది, ఎవరైనా చూస్తే పిల్లాడికి పేరు పడుతుందని. గుంటూరు బ్రాడీపేటలో దాపరికం! నాలుగు బై ఏడు, రెండు బై పద్నాలుగు అని భిన్నాల్లో చిరునామాలు చెప్పుకునే పేట ఇది. ఎవరింట్లో సంగతి ఎన్నో వంతు దాచారో కూడా లెక్కగట్టి చెప్తారు. సాయంత్రానికల్లా ఎదురింటి పిన్నిగారు ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని పరామర్శకి వచ్చేసింది.

ఆ కేంద్రంలో బేరా అనే వినికిడి పరీక్ష చేయించమన్నారు. నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించి చెవిలోకి టకటకమని శబ్దం పంపుతారు. అది మెదడు దాకా వెళ్తోందో లేదో కంప్యూటర్లో గీతలే చెప్తాయి. పిల్లాడు నోరు విప్పక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు. నిద్రపోతే చాలు. "రాత్రి బాగా పొద్దుపోయేదాకా మేలుకోబెట్టండి, పొద్దున దారిలో కునుకు తియ్యనివ్వకండి, ఇక్కడికొచ్చాక వాడే పడుకుంటాడు" అని చెప్పి పంపారు.

ఇంతేనా అనుకున్నాం. రాత్రికి డ్యూటీలు వేసుకున్నాం. మొదటి డ్యూటీ నాన్న అడిగి మరీ తీసుకున్నాడు. "మిర్చి యార్డులో రాత్రంతా టిక్కీ బస్తాలకి కాపలా కాసినోణ్ణిరా, నాకు చెప్తారా నిద్ర సంగతి?" అన్నాడు. పదకొండు కాకముందే గురక. బుజ్జిగాడు ఆయన పొట్టెక్కి కూర్చుని మీసం పీకుతూ మహా హుషారుగా ఉన్నాడు. మిగిలినవాళ్లం వాడికి బంతి విసురుతూ, గుర్రమాడుతూ, బాల్కనీలో తిప్పుతూ తెల్లవార్లూ గడిపాం. పొద్దుపోయేదాకా అంటే ఎందాకా అన్నది ఎవరమూ అడగలేదు కాబట్టి తెల్లారేదాకా అనే లెక్క వేసుకున్నాం.

పొద్దున ఆటో ఎక్కగానే వాడికి నిద్ర ముంచుకొచ్చింది. అక్క తడి చేత్తో మొహం తుడిచింది, బావ అరికాళ్లు గీరాడు, నేను బుగ్గ గిల్లాను. ఆటో డ్రైవరు అద్దంలో కాసేపు చూసి, బండి పక్కకి తీసి ఆపేశాడు. "బాబు మీ బాబేనా అండీ?" అన్నాడు. జరిగిందంతా చెప్పేదాకా బండి కదల్లేదు. చెప్పాక తనే దారి పొడుగునా హారన్ కొడుతూ వచ్చాడు పాపం, వాడు పడుకోకుండా. ఆ హారన్ కి పిల్లాడు మేలుకోలేదు. బండి కుదుపులకి మేలుకున్నాడు.

పరీక్ష గదిలో ఏసీ, మసక వెలుతురు, చప్పుడు లేదు. గుంటూరు ఎండలోంచి, రాత్రంతా జాగారం చేసి అందులోకి వెళ్తే మనిషన్నవాడు నిలబడగలడా? బుజ్జిగాడికి మాత్రం ఆ రంగురంగుల వైర్లు చూడగానే కళ్లు పెద్దవయ్యాయి. అక్క జోకొడుతూ జోకొడుతూ వాడి పక్కనే ఒరిగిపోయింది. బావ గోడకి ఆనుకుని సోలిపోయాడు. నాన్న సంగతి చెప్పక్కర్లేదు.

ఆడియాలజిస్టు మేడమ్ గారు అందరినీ ఒకసారి కలయజూసి, "వాడు తప్ప అందరూ పడుకున్నారు. ఎవరికి చేయమంటారండీ టెస్టు?" అంది.

నాన్నని లేపి బయట బెంచీ మీదకి చేరవేశాం. గురక తలుపులోంచి కూడా వినపడుతుంటే ఇంకాస్త దూరం చేరవేశాం. డాక్టరుగారు బరువు చూసి నిద్ర సిరప్ రాశారు. సగం వాడి కడుపులోకి, సగం బావ చొక్కా మీదకి వెళ్లింది. మళ్లీ అడిగి పోయించాం. అమ్మ ఒళ్లో వేసుకుంది. చాలాసేపటికి వాడి చెయ్యి వదులైంది, నోరు కొద్దిగా తెరుచుకుంది. అమ్మ ఆనందం పట్టలేక, "హమ్మయ్యా, పడుకున్నాడర్రా!" అని ఒక్క కేక పెట్టింది.

బావ ఉలిక్కిపడి లేచాడు. అక్క మంచం దిగి నిలబడింది. బయట నాన్న "ఎవరూ, ఎవరూ?" అంటూ పరిగెత్తుకొచ్చాడు. పిల్లాడు మాత్రం రెప్ప కదపలేదు. మేడమ్ గారు అమ్మని ఏమీ అనలేదు. వాడి నుదురు దూదితో తుడిచి వైర్లు అంటించడం మొదలుపెట్టింది.

వినికిడి తక్కువని తేలింది, రెండు చెవులకీ మెషిన్లు వచ్చాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో మాటలు నేర్పిస్తున్నారు. వార్డు సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేసుకుని వైకల్య సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాం. అందులో వైకల్యం ఇంత శాతం అని వేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై, ఆ పైన ఉంటేనే చాలా సదుపాయాలకి అర్హత.

ఆ రాత్రే బెజవాడ నుంచి మేనత్త ఫోన్. ఆవిడ ఇద్దరు పిల్లల్నీ కార్పొరేట్ కాలేజీల్లో చదివించింది. శాతం అన్న మాట వింటే ఆగలేదు.

"ఎంతొచ్చిందిరా మనవాడికి?"

"నలభై దాటింది అత్తా."

"అయితే పాసే! మా పైపోర్షన్ వాళ్ల అమ్మాయికి డెబ్బై పైనే వచ్చిందట. మనవాడికేం తక్కువ? రీకౌంటింగుకి పెట్టండి."