సవరణ: 1950లో మరకానాలో జరిగింది ఫైనల్ కాదు

మొన్నటి పోస్టులో, 1950 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ తన మరకానా స్టేడియంలోనే ఉరుగ్వే చేతిలో ఓడిందని రాశాను. గాంధీనగర్ టీ కొట్టు దగ్గర ఒక మిత్రుడు పట్టేశాడు. ఓడిన మాట నిజమే, ఫైనల్ అనడం తప్పు. ఆ ఏడాది అసలు ఫైనలే లేదు. తొలి దశ దాటి మిగిలిన నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాయి. జులై 16న కప్పు తేల్చింది అందులోని ఈ బ్రెజిల్-ఉరుగ్వే మ్యాచే. బ్రెజిల్‌కు డ్రా చాలు. ముందు గోల్ కొట్టిందీ వాళ్లే. తర్వాత ఉరుగ్వే ఆటగాళ్లు స్కియాఫినో, గిగ్గియా చెరొకటి వేసి 2-1 చేశారు. టికెట్ కొన్నవాళ్లే 1,73,850 మంది! (నాకైతే దసరాల్లో మన ఇంద్రకీలాద్రి గుర్తొచ్చింది.)

ఇంకొకటి. స్టేడియానికి పీలే పేరు పెట్టారన్నాను, పెట్టలేదు. 2021లో అక్కడి శాసనసభ ఒప్పుకున్నా గవర్నర్ వీటో చేశారు. అధికారికంగా ఇప్పటికీ జర్నలిస్ట్ మారియో ఫిల్యో పేరే.