"ఎప్పటికీ తాకదు" అన్నది అసింప్టోట్‌కు నిర్వచనం కాదు

"వక్రం దగ్గరవుతూనే ఉండి ఎప్పటికీ తాకని గీతే అసింప్టోట్. హారం సున్నా అయిన ప్రతిచోటా నిలువుగా ఒకటి ఉంటుంది. గ్రాఫ్ చదునైపోతే అడ్డంగా ఒకటి ఉన్నట్టే." పరీక్షల ముందు పిల్లలు ఒకరికొకరు పంపుకునే కిటుకులివి. మూడూ తప్పే. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి ఒకసారి ఎక్కితే ఓ పట్టాన వదలవు, అదే నా బాధ.

ముందుగా "తాకదు" సంగతి. సైన్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగించి గ్రాఫ్ గీయండి. ఎక్స్ విలువ పై (π), 2పై, 3పై అయిన ప్రతిసారీ వక్రం ఎక్స్-అక్షాన్ని దాటుతుంది. ఆ దాటడానికి అంతే లేదు. అయినా ఎక్స్-అక్షమే దాని అసింప్టోట్. ఎక్స్ 100 దాటాక వాటి మధ్య ఎడం నూరో వంతుకు లోపే, 1000 దాటాక వెయ్యో వంతుకు లోపే. చూడాల్సింది ఆ ఎడాన్ని. మధ్యలో ఎన్నిసార్లు తాకిందన్నది లెక్కలోకి రాదు.

"సరే, తాకదు అన్న మాట తీసేద్దాం, దగ్గరవుతూ ఉంటే చాలు కదా?" చాలదు. వై = 1 + 1/ఎక్స్ తీసుకోండి. కుడివైపు వెళ్లేకొద్దీ ఈ వక్రం దిగుతూ ఎక్స్-అక్షానికి దగ్గరవుతూనే ఉంటుంది, దాన్ని తాకదు కూడా. కిటుకు ప్రకారం ఎక్స్-అక్షం అసింప్టోట్ అయి తీరాలి! కానీ ఎడం ఎప్పుడూ 1 కంటే ఎక్కువే. అసలు అసింప్టోట్ వై = 1. మనం ఎంత చిన్న సంఖ్య చెప్పినా, ఒక చోటు దాటాక ఎడం దానికంటే తక్కువగానే ఉండిపోవాలి.

ఈ పొరపాటుకు పేరు కూడా కొంత కారణం. గ్రీకులో ఆ మాటకు "కలవనిది" అని అర్థం. క్రీ.పూ. 200 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త అపొలోనియస్ అతిపరావలయం (హైపర్‌బోలా) గురించి రాసినప్పుడు అది సరిగ్గా అతికింది, ఎందుకంటే అతిపరావలయం తన అసింప్టోట్లను నిజంగానే ఎక్కడా తాకదు. మన పాఠ్యపుస్తకాల్లోని "అనంత స్పర్శరేఖ" దీనికి పూర్తిగా ఎదురు, తాకడాన్నే పేరులో పెట్టుకుంది. నాకు తెలుగు పేరే నచ్చుతుంది.

హారం సంగతి త్వరగా తేలిపోతుంది. (ఎక్స్ వర్గం − 1)ని (ఎక్స్ − 1)తో భాగిస్తే, ఎక్స్ = 1 దగ్గర హారంతోపాటు లవమూ సున్నాయే. మిగతా అంతటా అది ఎక్స్ + 1 అనే సరళరేఖ. ఒక్క బిందువు లోపించింది, అంతే. నిలువు అసింప్టోట్ ఉండాలంటే విలువ హద్దు లేకుండా పెరిగిపోవాలి, లేదా తగ్గిపోవాలి.

ఇక చదును. 10 ఆధారంగా లాగరిథమ్ గ్రాఫ్‌లో ఎక్స్ 10 లక్షలైతే ఎత్తు 6, 100 కోట్లైతే 9. కంటికి చదునే. కానీ 50 ఎత్తు కావాలన్నా 1 పక్కన 50 సున్నాలు పెడితే వచ్చేస్తుంది, ఎక్కడా ఆగదు. వాలు సున్నాకు చేరినంత మాత్రాన ఎత్తు ఒక సంఖ్యకు చేరినట్టు కాదు. ఏటవాలు అసింప్టోట్లలోనూ ఇదే చిక్కు. వై/ఎక్స్ అవధి, అంటే ఎక్స్ పెరిగేకొద్దీ అది చేరువయ్యే విలువ, ఎమ్ అని తేలాక, చాలామంది అక్కడితో ఆపేస్తారు. వై − ఎమ్ఎక్స్‌కు కూడా అవధి ఉండాలి. ఎక్స్ + 1/ఎక్స్‌కు అది సున్నా, కాబట్టి వై = ఎక్స్ అసింప్టోట్. ఎక్స్‌కు దాని వర్గమూలాన్ని కలిపితే కూడా ఎమ్ 1 అనే వస్తుంది, కానీ మిగిలిన వర్గమూలం పెరుగుతూ పోతుంది. ఆ వక్రానికి అసింప్టోటే లేదు.